పెద్దవాళ్లతో లండన్ వెళ్తే టూర్ బస్సుకి 24 గంటల టికెట్ చాలు

మహబూబ్‌నగర్ నుంచి అడిగారు మీరు: తమ్ముడి కాన్వొకేషన్‌కి అమ్మానాన్నల్ని తీసుకుని లండన్ వెళ్తున్నాం, హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సుకి (ఒకే టికెట్‌తో నచ్చిన స్టాపులో దిగి, మళ్లీ వెనకొచ్చేది ఎక్కి ఊరు చూసే టూర్ బస్సు) 24 గంటల టికెట్ కొనాలా, 48దా, 72దా, అమ్మకి మోకాళ్ల నొప్పులు అని. 24 గంటలదే కొనండి. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. ఏజెంట్లు 72 గంటలది ముందుపెట్టి "రోజు లెక్కన చూస్తే ఇదే చవక సార్" అంటారు. లెక్క సరైనదే. కానీ మూడు రోజులూ అదే బస్సు, అదే దారి, ఇయర్‌ఫోన్‌లో ఊరి గురించి చెప్పే అవే మాటలు. తెలుగు ఎలాగూ ఉండదు, మీ అమ్మకి మీరే చెప్పాలి.

మాది నల్లగొండ. 2024లో మా అమ్మాయి పట్టా తీసుకుంటుంటే నేను, మా ఇంటావిడ, మా అమ్మ వెళ్లాం. అమ్మ డెబ్బై దాటిన మనిషి. మెట్లు ఎక్కుతుంది గానీ దిగేటప్పుడు చెయ్యి అందించాలి. మా అమ్మాయి ఏ స్టాపులో దిగాలి, ఎంతసేపు చూడాలి, ఎన్నింటికి మళ్లీ ఎక్కాలి అని నిమిషాలతో సహా రాసిపెట్టింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఒకటే చెప్పాను: మొదటి చుట్టులో ఎవరూ దిగొద్దు. ఊరంతా ఒకసారి కూర్చుని చూద్దాం, అమ్మకి ఏది నచ్చితే రేపు దాని దగ్గరికే పోదాం.

పై అంతస్తులో ముందు సీటు దొరికింది. పైన కప్పు లేదు. ఎండ ఉంది గానీ గాలి చెవుల్లోంచి దూసుకుపోతోంది. అమ్మకి శాలువా తల మీదుగా చుట్టాం. టవర్ బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి ఎర్ర లైటు పడింది, అడ్డంగా గేట్లు పడ్డాయి, బస్సులూ కార్లూ అన్నీ ఆగిపోయాయి. ట్రాఫిక్ జామ్ అనుకున్నాం. అంతలో ఎదురుగా వంతెన సరిగ్గా మధ్యలో చీలి, తారు రోడ్డు, దాని మీది తెల్ల గీతలతో సహా, అటొక ముక్క ఇటొక ముక్క నిలువుగా లేవడం మొదలైంది. కింద నుంచి ఎత్తైన తెరచాప కొయ్య ఉన్న పడవ ఒకటి నిమ్మళంగా దాటింది. అమ్మ నా మోచెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. "ఏందిరా ఇది, సాగర్ల గేట్లు ఎత్తినట్టు రోడ్డునే ఎత్తుతున్నరు!" అంది. మా తాత నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు అక్కడ రాళ్లు మోశాడు. అమ్మ చిన్నతనమంతా ఆ డ్యాం కబుర్లే. ఆ 26 గేట్లు ఎత్తారని తెలిస్తే ఈ వయసులోనూ పోదాం పద అంటుంది. ఇక లండన్‌లో ఆమెకి ఇంకేం చూపించినా దాని తర్వాతే.

అదే సమయంలో మా వెనక సీట్లో ఇంకో కుటుంబం గడియారం చూసుకోవడం, ఫోన్‌లో టికెట్ తెరవడం, మళ్లీ గడియారం చూసుకోవడం. నదిలో పడవ ప్రయాణం కూడా కలిపి ఉన్న టికెట్ అది. దానికి టైం దాటిపోతోందని టెన్షన్. ఇంట్లోంచి తెచ్చుకున్న టైంటేబుల్ వాళ్లని వంతెన వైపు తలెత్తనివ్వలేదు. అందుకే ఇన్ని ఆకర్షణలు, ఇన్ని స్టాపులు అని కలిపి అమ్మే టికెట్లంటే నాకు మంట. పెద్దవాళ్లని పరిగెత్తించడానికి తప్ప దేనికీ పనికిరావు. ఆ వంతెన 1894 నుంచి లేస్తూనే ఉంది, ఏడాదికి దాదాపు 800 సార్లు. ఏ రోజు ఎన్నింటికి లేస్తుందో టవర్ బ్రిడ్జి వెబ్‌సైట్‌లోనే పెడతారు. ఒడ్డున నిలబడి చూడటానికి ఏ టికెట్టూ అక్కర్లేదు.

టికెట్ కొనేటప్పుడు చూడాల్సింది అది "ఒక రోజు" టికెట్టా, "24 గంటల" టికెట్టా అని. ఒక రోజుది అయితే ఆ సాయంత్రంతో సరి. 24 గంటలదైతే మధ్యాహ్నం మొదలుపెట్టి, మర్నాడు పొద్దున కూడా తిరగొచ్చు. జెట్‌లాగ్‌తో ఉన్న పెద్దవాళ్లకి ఇదే మేలు. మొదటి రోజు పొద్దున వాళ్లని పడుకోనివ్వండి. ఈ బస్సులు మన సిటీ బస్సుల్లా రాత్రి దాకా తిరగవు, చివరి బస్సు ఎన్నింటికో ముందే అడగండి. సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో పొద్దున 11 ప్రాంతంలో బకింగ్‌హాం ప్యాలెస్ దగ్గర గార్డులు మారతారు. ఆ టైంలో అటు రోడ్లు మూసేస్తారు, బస్సు దారి మారుతుంది. బస్సులో బాత్రూం ఉండదు. ఈ సంగతి ఎవరూ చెప్పరు, పెద్దవాళ్లతో ఉన్నప్పుడు అసలు సమస్య ఇదే. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నేషనల్ గ్యాలరీ ఉంది, లోపలికి ఉచితం. ఎక్కడ దిగినా దిగకపోయినా బాత్రూం కోసం అక్కడ దిగండి.

ఆ 24 గంటలూ అయిపోయాక మామూలు ఎర్ర సిటీ బస్సులు ఎక్కండి. అవీ ఎక్కువగా డబుల్ డెక్కర్లే. మేం వెళ్లినప్పుడు టికెట్ 1.75 పౌండ్లు, మొదటి బస్సు ఎక్కిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ డబ్బు పడదు. అప్పట్లో రోజంతా తిరిగినా బస్సులకి 5.25 పౌండ్లు దాటేది కాదు. 15 నంబరు బస్సు ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి సెయింట్ పాల్స్ మీదుగా టవర్ ఆఫ్ లండన్ దాకా తీసుకుపోతుంది. నగదు తీసుకోరు, బ్యాంకు కార్డు లాంటిది మెషిన్‌కి తాకించాలి, ఒక్కో మనిషికి ఒక్కో కార్డు ఉండాలి. అమ్మ మాత్రం మొదటిసారి ఎక్కినప్పుడు సంచిలోంచి ఆధార్ కార్డు తీసి డ్రైవర్‌కి చూపించింది. పాపం, ఆమెకి అలవాటు. ఇక్కడ మన తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లు ఆధార్ చూపిస్తే కండక్టర్ డబ్బు తీసుకోకుండా జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతాడు.

చెప్పాలంటే మన ఆడవాళ్లకి హాప్ ఆన్ హాప్ ఆఫ్ 2023 డిసెంబర్ 9 నుంచే ఉంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఏది వస్తే అది ఎక్కడం, కావలసిన చోట దిగడం. మా ఇంటావిడ, వాళ్ల అక్కచెల్లెళ్లు దాంతోనే సాగర్ పోయి వస్తారు. లేనిదల్లా చూడాల్సిన చోట్లని కలిపే బస్సు. నల్లగొండ పక్కనే పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, కుందూరు చోడుల కాలం నాటిది. గర్భగుడిలో లింగం మీద పొద్దంతా స్తంభం నీడ కదలకుండా పడుతుంది. ఇంకొంచెం అవతల పచ్చల సోమేశ్వరాలయం. అటు సాగర్‌లో 274 ఎకరాల్లో బుద్ధవనం, లాంచీ ఎక్కితే నాగార్జునకొండ. అమెరికా నుంచి వచ్చిన చుట్టాలకి ఇవన్నీ చూపించాలంటే కారు మాట్లాడాల్సిందే. పొద్దున నల్లగొండ బస్టాండ్‌లో ఎక్కించుకుని పానగల్‌లో దింపి, గంటకో బస్సు చొప్పున సాగర్ దాకా తిప్పుతూ సాయంత్రం తిరిగి తెచ్చే బస్సులు వెయ్యాలి. ఒకటే టికెట్, వంద రూపాయలు పెట్టినా జనం ఎక్కుతారు, నాకా నమ్మకం ఉంది. మీ పాలమూరులో పిల్లలమర్రి, గద్వాల కోట, అలంపురం కలిపి కూడా వెయ్యొచ్చు.

టికెట్ ముందే కొనాలా అని కూడా అడిగారు. ఇక్కడి నుంచి కొని పెట్టుకోకండి. అక్కడికి వెళ్లాక, వాన ఉందో లేదో చూసుకుని, ముందు రోజు రాత్రి ఆన్‌లైన్‌లో కొనండి. వానొస్తే పై అంతస్తు నుంచి అమ్మని కిందికి దించాలి, కింద కూర్చుని చూసేదానికి ఎర్ర బస్సు చాలు.