ఒకే గీత రెండుసార్లు పడితే

ప్రశ్న: మా ఫొటో ప్రదర్శనకు ‘నలుపు – తెలుపు’ అని పేరు పెట్టాం. పోస్టర్ మీద ఆ పేరుకి కుంచెతో రాసినట్టుండే లావుపాటి ఫాంట్ వాడాను. ఇంకా గట్టిగా కనబడాలని బోల్డ్ కూడా నొక్కాను. తీరా చూస్తే చేత్తో రాసినట్టు లేదు, రబ్బరు స్టాంపు గుద్దినట్టుంది. తేదీ, వేళ కూడా అదే ఫాంట్‌లో ఇస్తే చదవలేకపోతున్నాం అంటున్నారు. ఫాంట్ మార్చాలా? పోస్టర్ జత చేస్తున్నాను.

జవాబు: మార్చక్కర్లేదు. ముందు ఆ బోల్డ్ తీసేయండి. ఇలాంటి ఫాంట్లు చాలావరకు ఒకే మందంలో వస్తాయి. లేని బోల్డ్‌ని అడిగితే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని చుట్టూ ఉబ్బిస్తుంది. రంగు అయిపోతున్న కుంచె వదిలిన తెల్లటి చారలన్నీ పూడిపోతాయి. ఆ చారల కోసమేగా మీరు ఈ ఫాంట్ ఎంచుకున్నది! పైగా ‘ప’ నెత్తిన సందు మూసుకుపోతే అది ‘వ’ అయి కూర్చుంటుంది. మీ పోస్టర్ దూరం నుంచి నాకు ‘నలువు’ అనే కనిపించింది.

ఇక స్టాంపు సంగతి. కంప్యూటర్ ముందు కూర్చోకముందు నేను పన్నెండేళ్లు బోర్డులు రాశాను. కుంచె ముంచగానే వేసిన అక్షరం చిక్కగా దిగుతుంది. మూడు నాలుగు అక్షరాలయ్యేసరికి వెంట్రుకలు విడిపోయి చారలు పడతాయి, మళ్లీ ముంచుతాం. ఎంత కష్టపడ్డా రెండు ‘లు’లు ఒక్కలా రావు. (రాలేదని మా గురువుగారు తిట్టేవారు. ఇప్పుడు ఒక్కలా వచ్చాయని మీ బాధ!) మీ పేరులో ‘లుపు’ రెండుసార్లుంది. మొదటి ‘పు’ కొమ్ము చివర మూడు చారలు, రెండోదానికీ సరిగ్గా అక్కడే అవే మూడు. కన్ను ఇట్టే పట్టేస్తుంది.

సీసపు అచ్చుల కాలంలో, 1942లో, అమెరికన్ టైప్ ఫౌండర్స్ అనే అచ్చక్షరాల కంపెనీ కోసం రాబర్ట్ ఇ. స్మిత్ గీసిన ‘బ్రష్ స్క్రిప్ట్’ చూడండి. అందులో చారలుండవు, కుంచె విసురంతా వంపుల్లోనే. అందుకే ఒకే అక్షరం పదిసార్లు వచ్చినా అంత ఎబ్బెట్టుగా ఉండదు. మీది గరుకు ఫాంట్, దాని గుట్టు రెండోసారికే బయటపడుతుంది.

మీ సాఫ్ట్‌వేర్‌లో ఫాంట్ అదనపు సదుపాయాలుండే ఓపెన్‌టైప్ సెట్టింగుల్లో ‘కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్’ ఉందేమో చూడండి. ఫాంట్ చేసినవాళ్లు ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు ఇచ్చి ఉంటే అవి వాటంతటవే మారతాయి. లేదంటే పేరుని అవుట్‌లైన్‌గా, అంటే టైపు చేసిన అక్షరాల నుంచి ఉత్త బొమ్మగా మార్చి రెండో ‘లుపు’ మీద చెయ్యి చేసుకోండి. కొమ్ము కాస్త సాగదీయండి, ఒక చార చెరపండి, ‘లు’ని ఒక్క డిగ్రీ వంచండి. అంతకు మించితే తాగి రాసినట్టుంటుంది. అసలు ఫైలు మాత్రం విడిగా దాచుకోండి, అవుట్‌లైన్ చేశాక స్పెల్లింగ్ దిద్దడం నరకం.

తేదీ, వేళలకు ఏదైనా సాదా ఫాంట్ చాలు. గరుకు అంచులు చిన్న సైజులో మురికిలా కనిపిస్తాయి. అన్నట్టు, పేరు కింద కుంచె గీతలాంటిది ఒకటి పెట్టారే, అదీ తీసేయండి.