మీ ప్రశ్నలు: రోశయ్య గారు, కౌన్సిల్, మన గ్రాడ్యుయేట్ ఓటు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట, నేను డిగ్రీ ఫైనలియర్. రోశయ్య గారు డైరెక్ట్‌గా జనం ఓట్లతో గెలవకుండానే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సీఎం అయ్యారని మా తాతయ్య అంటాడు, చీరాల ఎమ్మెల్యేగా గెలిచారు కదా అని మా నాన్న. ఎవరిది కరెక్ట్? సొంత వర్గం అంటూ లేని మనిషి అంత దూరం ఎలా వెళ్ళారు?

జవాబు: ఇద్దరిదీ కరెక్టే బాబూ. చీరాల నుంచి 1989లో, మళ్ళీ 2004లో ఎమ్మెల్యే, మధ్యలో 1998లో నరసరావుపేట ఎంపీ. అంటే జనం ఓట్లు ఆయనకి కొత్తేం కాదు. కానీ 2009 సెప్టెంబర్ 3న సీఎంగా ప్రమాణం చేసినప్పుడు మాత్రం ఎమ్మెల్సీయే, అంటే శాసనమండలి (కౌన్సిల్) మెంబరే, ఆ ఏడాది ఎన్నికల్లో ఆయన పోటీ చెయ్యలేదు. కాబట్టి తాతయ్య చెప్పిందాంట్లో అసలు కథ ఉంది.

వేమూరులో 1933లో పుట్టారు, మీ ఊరి హిందూ కాలేజీలోనే కామర్స్ చదివారు, రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి శిష్యుడిగా రాజకీయాల్లోకొచ్చి 1968లో శాసనమండలికి వెళ్ళారు, తర్వాత 1974, 1980ల్లో మళ్ళీ అక్కడికే. ఎమ్మెల్యేకి పొద్దున లేస్తే ఇంటి ముందు జనం, పెళ్ళిళ్ళు, పంచాయితీలు, పోలీస్ స్టేషన్ ఫోన్లు ఉంటాయి కదా, మండలి మెంబరుకి అంత ఒత్తిడి ఉండదు, కూర్చుని కాగితాలు చదువుకునే టైం దొరుకుతుంది, ఆ టైంని ఆయన వాడుకున్నట్టు వాడుకున్నవాళ్ళు మన రాష్ట్రంలో చాలా తక్కువమంది అని నా నమ్మకం. చెన్నారెడ్డి గారి దగ్గర్నుంచి వైఎస్ దాకా ఎంతమంది కాంగ్రెస్ సీఎంలు మారినా రోశయ్య గారు మాత్రం కేబినెట్లో కావాలి. బడ్జెట్ పదిహేనుకి తగ్గకుండా పెట్టారు, అందులో చివరి ఏడూ వరసగా. సొంత వర్గం లేదన్నావు చూడు, ఆయనకి అదే పనికొచ్చింది, ఈయన వల్ల తన కుర్చీకి ఎసరొస్తుందని ఏ సీఎమ్మూ భయపడాల్సిన పని లేదు, పైగా లెక్కలన్నీ ఆయన నోటికే ఉంటాయి, అవతల ప్రతిపక్షం లేచి నిలబడితే అచ్చమైన మన గుంటూరు తెలుగులో అక్కడికక్కడే జవాబు చెప్పగలరు.

వైఎస్ గారు హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన మర్నాడే ఈయన చేతికి రాష్ట్రం వచ్చింది, వయసు 76. కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది జగన్ గారే సీఎం కావాలని సంతకాలు పెట్టి ఉన్నారు. నెల తిరిగేసరికి కృష్ణకి వరద, కర్నూలు మునిగింది, ఇక్కడ ప్రకాశం బ్యారేజీకి పది లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళొచ్చాయి, కృష్ణలంక వైపు వాళ్ళని అడిగితే ఆ రాత్రుళ్ళ గురించి ఇప్పటికీ చెప్తారు. అది తగ్గిందో లేదో నవంబర్ 29న తెలంగాణ కోసం కేసీఆర్ దీక్ష, డిసెంబర్ 9 రాత్రి ఢిల్లీలో తెలంగాణ ఇస్తామని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన, ఆ తెల్లారి నుంచి మన వైపు ఎమ్మెల్యేల రాజీనామాలు. 2010 నవంబర్ 24న రోశయ్య గారే తప్పుకున్నారు. 14 నెలల చిల్లర. గట్టిగా ఏం చెయ్యలేకపోయారని చాలామంది అంటారు, నేనైతే ఒప్పుకోను. పార్టీలో తన మాట వినేవాళ్ళు లేకుండా, ఢిల్లీలో ఏం జరుగుతుందో తన చేతిలో లేకుండా రాష్ట్రాన్ని అన్ని నెలలు నడపటం చిన్న విషయమా? తర్వాత 2011 నుంచి 2016 దాకా తమిళనాడు గవర్నర్.

ప్రశ్న: రోశయ్య గారి మాటలు పడలేకే ఎన్టీఆర్ కౌన్సిల్ని రద్దు చేశారంటారు, నిజమేనా? (విజయవాడ, సత్యనారాయణపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు)

జవాబు: మాస్టారూ, ఈ మాట నేనూ చిన్నప్పట్నుంచి వింటున్నాను. ఆయన చురకలు గట్టిగా తగిలిన మాట నిజం, కానీ ఒక్క మనిషి కోసం సభని తీసేశారనటం ఎక్కువ చేసి చెప్పటమే. 1983లో టీడీపీ అసెంబ్లీలో రెండొందల సీట్లకు పైగా గెలిచినా మండలిలో మెజారిటీ ఇంకా కాంగ్రెస్‌దే, బిల్లులకి అక్కడ అడ్డం పడుతుండేది. అసెంబ్లీ తీర్మానం చేసింది, పార్లమెంటు చట్టం చేసింది, 1985 జూన్ 1 నుంచి మండలి లేదు. దాంతో రోశయ్య గారికి సభే లేకుండా పోయింది, చీరాల గెలుపు ఆ తర్వాత సంగతి. మళ్ళీ 2007లో వైఎస్ మండలిని తెచ్చారు. అది రాకపోయుంటే 2009లో రోశయ్య గారు ఏ సభలోనూ ఉండేవారు కాదు, సీఎం పదవికి ఆయన పేరు తలుచుకునేవాళ్ళు కూడా ఉండరు. 2020 జనవరిలో మన అసెంబ్లీ మళ్ళీ రద్దు చెయ్యమని తీర్మానం చేసి 2021 నవంబర్ 23న వెనక్కి తీసుకుంది, సరిగ్గా 11 రోజులకి, డిసెంబర్ 4న, రోశయ్య గారు పోయారు. ఓడిపోయినవాళ్ళకి పదవి ఇచ్చే చోటుగా మండలిని వాడటం చూస్తే నాకూ బాధేస్తుంది మాస్టారూ, కానీ అలాంటి మనిషి తయారైన సభని తీసెయ్యమని మాత్రం నేను అనలేను.

ప్రశ్న: (పై గుంటూరు కుర్రాడిదే) మరి మండలికి నాకు ఓటు ఉంటుందా?

జవాబు: ఇప్పుడే ఉండదు. మండలిలో కొన్ని సీట్లకి డిగ్రీ ఉన్నవాళ్ళే ఓటేస్తారు, మీ వైపు అలాంటిదైన కృష్ణా-గుంటూరు గ్రాడ్యుయేట్ సీటులో ఓటు కావాలంటే డిగ్రీ పూర్తయి కనీసం మూడేళ్ళు అవ్వాలి, ఈ ఉమ్మడి జిల్లాల్లోనే నివాసం ఉండాలి. మామూలు ఓటరు లిస్టులో పేరుంది కదా అని ఊరుకోకు, ఈ లిస్టు వేరు, ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ మొదట్నుంచి కొత్తగా తయారు చేస్తారు, అప్పుడు ఫారం 18 నింపి డిగ్రీ సర్టిఫికెట్ కాపీ జతచేసి ఇవ్వాలి. పోయినసారి 2025 ఫిబ్రవరిలో జరిగింది, పదవీకాలం ఆరేళ్ళు, కాబట్టి మామూలుగా అయితే మళ్ళీ 2031లో. సర్టిఫికెట్ జాగ్రత్తగా పెట్టుకో.