ఆ మూడో రంగం ఎందుకు తీసేశావు?

మల్లేశ్వరం,
బెంగళూరు.

అమ్మాయీ,

నీ నాటిక రెండు ప్రతులూ చదివాను. మొదటిదాంట్లో మూడో రంగం ఉంది చూడు, కొడుకుతో అనలేని మాటని ఆ తల్లి వాచ్‌మన్‌తో వచ్చీరాని కన్నడలో అంటుంది. బాగుంది. రెండో ప్రతిలో అది లేదు! "తెలుగువాళ్లకి కన్నడ అర్థం కాదన్నారండీ" అని రాశావు. బెంగళూరులో తెలుగు నాటకానికి వచ్చేవాళ్లకి ఆ నాలుగు ముక్కలు రావా? దాని బదులు కొడుకు చేత ఒకటిన్నర పేజీ మాట్లాడించావు. వాడి బాధ వాడే విడమర్చి చెబుతుంటే ఇక మేం కూర్చోవడం దేనికి?

మొదటి ప్రతి చదివిన ఆరుగురు ఆరు సలహాలిచ్చారు, ఆరూ పాటించేశావు. ఏం చెయ్యమన్నారో వదిలెయ్. ఎక్కడ ఇబ్బంది పడ్డారో అది మాత్రం పట్టుకో. కన్నడ తీసెయ్యమన్న మనిషికి అక్కడేదో అందలేదు, నిజమే. కానీ లోపం రెండో రంగంలో ఉందని నా అనుమానం. వాచ్‌మన్‌కీ ఆవిడకీ అంత చనువు ఎప్పుడొచ్చిందో నువ్వు చూపించనే లేదు. అది వెతుక్కోవాల్సింది నువ్వు, సలహా ఇచ్చినవాళ్లు కాదు.

అసలు కాగితాలు చేతికిచ్చి అభిప్రాయం అడగడమే నాకు గిట్టదు. నటుల్ని కూర్చోబెట్టి చదివించు. నువ్వు చదవకు, కాగితం మీద లేని భావం కూడా నీ గొంతులో పలికేస్తుంది. వెనక కూర్చుని ఎవరు ఎక్కడ ఫోన్ తీశారో, ఏ డైలాగు దగ్గర నటుడు రెండోసారీ తడబడ్డాడో గీత పెట్టుకో. అయ్యాక "ఎలా ఉంది" అని కాదు, కథేమిటో చెప్పమని అడుగు. తప్పు చెప్పినా అడ్డుపడి వివరించకు. ఆట రోజు సీటు సీటుకీ వెళ్లి వివరిస్తావా?

ఒక నాటక పరిషత్తు పోటీలో నా నాటికకి సందేశం లేదన్నారు న్యాయనిర్ణేతలు. మా దర్శకుడు కంగారుపడి, తర్వాతి పోటీకి తాతగారి పాత్రతో చివర్లో ఓ ఉపన్యాసం ఇప్పించాడు. చప్పట్లే చప్పట్లు, షీల్డు కూడా వచ్చింది. ఆ షీల్డు ఆయన ఇంట్లోనే ఉంది, నేను తెచ్చుకోలేదు. ఇప్పటికీ పరిషత్తు నాటికల్లో ఎవరో ఒకరు ముందుకొచ్చి లైటు కింద నిలబడి సమాజాన్ని తిడుతూనే ఉన్నారు.

మార్చొద్దని అనడం లేదు. కన్యాశుల్కం 1892లో ఆడింది, 1897లో అచ్చయింది. 1909 నాటి రెండో కూర్పుకి గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు. నువ్వు వారంలో మార్చేశావు!

మూడో రంగం తిరిగి పెట్టి, రెండోది సరిచేసి, అప్పుడు చదివించు. ఆ రోజు నన్ను మాత్రం పిలవకు. నేనుంటే అందరూ నేను నవ్వానో లేదో నా మొహం చూసుకుని నవ్వుతారు.

ఉంటాను.