ఆయనకు తెలియకుండా డోసు తగ్గించకండి

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. ఆందోళన తగ్గడానికని మొదలైన ఆల్‌ప్రజోలామ్ మూడేళ్లుగా వాడుతున్నారు. ఉదయం 0.5, రాత్రి 0.5 మిల్లీగ్రాములు. మానేస్తానంటే డాక్టరు మెల్లగా తగ్గిద్దామన్నారు. కానీ మామగారు అందరి ముందూ ‘మగాడివి, ఆమాత్రం ఓర్చుకోలేవా’ అనేసరికి ఈయన రోషంతో ఒక్కసారే సగానికి తగ్గించేశారు. చేతులు వణికాయి, రెండు రాత్రులు కునుకు లేదు. మళ్లీ పాత డోసుకే వెళ్లారు. ఇప్పుడు తగ్గించాలంటేనే భయపడుతున్నారు. ఆయనకు చెప్పకుండా మాత్రను కొంచెం కొంచెం గీకి ఇవ్వొచ్చా?

జవాబు: వద్దమ్మా. కారణం తెలియకుండా గుండెదడ వస్తే ఆయన జబ్బు తిరగబెట్టిందనుకుని ఇంకో మాత్ర వేసుకుంటారు. డాక్టరు లెక్క తప్పుతుంది. సంగతి బయటపడిన రోజు నుంచి మీ చేత్తో ఇచ్చిన మంచినీళ్లను కూడా అనుమానిస్తారు.

అసలు ఆ ఇంట్లో ఇంతమంది ఆయన మాత్ర గురించి మాట్లాడుతుంటే, మామగారితో ‘ఇక ఈ మాట అనకండి’ అని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. మీ సమస్య అక్కడుంది. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకపోవడం మంచి అలవాటే, కానీ మనిషికి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉన్నప్పుడు నోరు మెదపకపోవడాన్ని నేను మర్యాద అనను. ఈ మందు మెదడుకు బ్రేకులా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి వాడితే మెదడు తన సొంత బ్రేకును సడలించుకుంటుంది. ఒక్కసారిగా మందు తీసేస్తే వణుకు, చెమటలు, నిద్రలేమి, ఒక్కోసారి ప్రాణాంతకమైన ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు రాసినట్టే వాడినా ఇంతే. ఇందులో మగతనం పాత్రేమీ లేదు. వచ్చేసారి డాక్టరు దగ్గరికి మామగారినీ వెంటబెట్టుకెళ్లండి. మీ నోట వినలేనిది అక్కడ వింటారు. అయితే ముందు మీవారు సరేననాలి.

ఇక తగ్గించే పద్ధతి. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి, అప్పుడు వాడుతున్న డోసులో 5 నుంచి 10 శాతం తగ్గిస్తారు. మీవారు ఒక్క రోజులో 50 శాతం తగ్గించారు, అందుకే తట్టుకోలేకపోయారు. 0.25 మాత్రను కట్టర్‌తో సగం చేస్తే 0.125. రోజుకు 1 మిల్లీగ్రాము ఉన్నప్పుడు అది ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం, పై లెక్క కంటే కాస్త ఎక్కువే. 0.25కి దిగాక అదే ముక్క సగం డోసు అవుతుంది. చాలామంది చివర్లో బోల్తాపడేది ఇక్కడే. అందుకే కొందరిని డాక్టర్లు ఇదే కోవకు చెందిన, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డయాజెపామ్‌కు మారుస్తారు. ఆ లెక్క ఇంట్లో వేయకండి. మాత్ర మీద ఎస్‌ఆర్ (మందు మెల్లమెల్లగా విడుదలయ్యే రకం) అని ఉంటే ముక్కలు చేయనే కూడదు. తర్వాతి డోసు వేళయ్యే ముందు ఆయనకు చిరాకు, దడ పెరుగుతుంటే డాక్టరుకు చెప్పండి. రోజు మొత్తం డోసు మార్చకుండా దాన్నే ఎక్కువసార్లుగా విడగొట్టే వీలుంటుంది.

వారానికి సరిపడా మాత్రలు ఇద్దరూ కూర్చుని పెట్టెలో సర్దండి, వేసుకోవడం మాత్రం ఆయనకే వదిలేయండి. స్ట్రిప్పులు లెక్కపెట్టకండి. తేదీ, డోసు, ఎన్ని గంటలు పడుకున్నారు, వణుకు ఎంత అన్నది ఆయనే ఓ నోటుబుక్కులో రాసుకోవాలి. ‘ఎలా ఉంది’ అని గంటకోసారి అడగకండి. మద్యం, నిద్ర తెప్పించే దగ్గుమందులు దగ్గరికి రానివ్వకండి. ప్రయాణాలు, పెళ్లిళ్లు ఉన్న వారం కొత్తగా తగ్గించొద్దు. తట్టుకోలేకపోతే అదే డోసు మీద ఇంకో రెండు వారాలు ఆగొచ్చు, అది ఓటమి కాదు. తడవకోసారి పెంచుతూ తగ్గిస్తూ ఉంటేనే దారి తప్పుతుంది.

ఫిట్స్ వచ్చినా, లేనివి కనబడుతున్నాయన్నా, చచ్చిపోవాలనుందన్నా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మామగారితో ఆ మాట అయ్యేదాకా మొదటి ముక్క కూడా తగ్గించొద్దు. నెలలు పట్టే పని ఇది, ఆ ఎత్తిపొడుపుల మధ్య సాగదు.