పేషెంటుకేం తెలుస్తుంది అంటారా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా అత్తగారికి తొమ్మిదేళ్ళుగా రుమటాయిడ్ కీళ్ళవాతం. మా అబ్బాయి లండన్‌లో ఉంటాడు. అక్కడ ఏ జబ్బుకి ఏ వైద్యం చెయ్యాలో గైడ్‌లైన్స్ రాసే కమిటీల్లో పేషెంట్లని కూడా కూర్చోబెడతారట. నాకైతే నవ్వొచ్చింది. అంత చదివిన డాక్టర్ల మధ్య పేషెంటు ఏం చెప్తాడండీ? మా అత్తగారిని ఎలా ఉందని అడిగితే 'ఓపిక లేదమ్మా' తప్ప ఇంకో మాట రాదు.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నవ్వకండమ్మా, మీ అత్తగారు అనే ఆ ఒక్క మాటకే పెద్ద కథ ఉంది. ఈ జబ్బులో మేం చూసేది ఎన్ని కీళ్ళు వాచాయి, నొక్కితే ఎన్ని నొప్పెడుతున్నాయి, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష ఈఎస్ఆర్ ఎంతుంది, ఇవీ. ఓపిక లేదు అంటే 'వయసు కదమ్మా, ఉంటుంది' అనేసి తర్వాతి పేషెంటుని పిలుస్తాం, నేనూ చాలా ఏళ్ళు అదే చేశాను. కీళ్ళ జబ్బుల మందుల్ని పరీక్షించేటప్పుడు ఏమేం కొలవాలో తేల్చడానికి ఒమెరాక్ట్ అని నిపుణుల గ్రూపు ఒకటుంది, వాళ్ళు 2002లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో పెట్టుకున్న మీటింగుకి మొదటిసారి పేషెంట్లని పిలిచారు, 11 మందిని. నొప్పి సరే, మమ్మల్ని పడేస్తున్నది ఈ నీరసం, రాత్రంతా పడుకుని లేచినా పోదు, దీన్నెవరూ అడగరేంటి అన్నారు వాళ్ళు. నిజంగానే అప్పటిదాకా కొలవాల్సినవాటి లిస్టులో నీరసం లేదు! ఆ తర్వాత, 2007కల్లా, ట్రయల్స్‌లో, అంటే మందుల్ని పేషెంట్ల మీద పరీక్షించి చూసేటప్పుడు, దాన్ని కూడా కొలవాలన్న సిఫార్సు వచ్చింది. గైడ్‌లైన్ రాసేది ట్రయల్స్‌లో తేలినదాన్ని బట్టే కదా, మొదట్లోనే అడగనిది చివర్లో పుస్తకంలోకి ఎక్కణ్ణించి వస్తుంది?

మీ అబ్బాయి చెప్పింది నైస్ అనే సంస్థ గురించి అయ్యుంటుంది, ఇంగ్లండ్‌లో 1999లో పెట్టారు. వాళ్ళ గైడ్‌లైన్ కమిటీల్లో కనీసం ఇద్దరు పేషెంట్లో, పేషెంట్లని చూసుకునేవాళ్ళో ఉంటారు, ఏదో మర్యాదకి వేసిన కుర్చీ కాదు, డాక్టర్లతో సమానమైన హోదా. గొడవలు లేకపోలేదు. ఎంఈ అనే జబ్బుంది, కొంచెం పని చేస్తే చాలు, రోజుల తరబడి మంచమెక్కించేస్తుంది. దీనికి మెల్లమెల్లగా ఎక్సర్‌సైజు పెంచుకుంటూ పొమ్మని 2007లో గైడ్‌లైన్ రాశారు, దానివల్ల మాకింకా ఎక్కువవుతోంది మొర్రో అని పేషెంట్లు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. పేషెంట్లున్న కమిటీయే మళ్ళీ కూర్చుని సాక్ష్యమంతా తిరగేసి ఆ సలహా తీసేసింది, కొందరు పెద్ద డాక్టర్లు ఒప్పుకోక ఆగస్టులో రావాల్సింది ఆగిపోయి, చివరికి 2021 అక్టోబరులో బయటికొచ్చింది.

అలాగని పేషెంటు చెప్పిందల్లా వేదం కాదండోయ్. పలానా పసరు తాగాను తగ్గింది అంటే కమిటీ రాసేసుకోదు. ఇంకో చిక్కేంటంటే, ఇలాంటి మీటింగులకి వచ్చేది చదువుకుని, తీరిక ఉన్నవాళ్ళే, రోజుకూలీ మానుకుని ఎవరొస్తారు? కొన్ని పేషెంట్ల సంఘాలకి డబ్బిచ్చేది మందుల కంపెనీలే, అందుకే కమిటీలో కూర్చునేముందు ఎవరి దగ్గరేం తీసుకున్నారో చెప్పమంటారు, డాక్టర్లనీ అడుగుతారు.

ఇక మీ అత్తగారి సంగతి. ఈ కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునే మందు, మెథోట్రెక్సేట్, వాడుతున్నారా? చాలామందికి అది వేసుకున్న మర్నాడు వికారం, తల తిప్పుడు, ఆ రోజంతా పోయినట్టే. ఏ రోజు పోయినా పర్లేదో ఆవిడకే తెలుస్తుంది, మాకు తెలీదు, అది డాక్టరుకి చెప్పి రోజు మార్పించుకోవచ్చు. ఓపిక లేకపోవడానికి రక్తం తక్కువవడం, థైరాయిడ్, నిద్ర లేకపోవడం, దిగులు కూడా కారణం కావచ్చు, హిమోగ్లోబిన్ ఎంతుందో ఒకసారి చూపించండి. చెకప్‌కి వెళ్ళేముందు వారంరోజులు ఆవిడ పొద్దున లేచాక ఎంతసేపటికి జడ వేసుకోగలుగుతున్నారో, మధ్యాహ్నం ఎన్నింటికి ఒళ్ళు వాలిపోతోందో ఒక పాత క్యాలెండరు మీద రాసిపెట్టండి. డాక్టరు 'ఎలా ఉంది?' అని అడిగితే మీరు జవాబు చెప్పకండి, కాసేపు ఆగండి, ఆవిడే చెప్తారు.