ఆ సినిమా పేరు ‘స్టే’ అండి

మీరు సగంలో వదిలేసిన ఆ సినిమా పేరేంటి, ప్రింటు గానీ పాడైందా అని అడిగారు కదా. ప్రింటు పాడవలేదండీ, సినిమాయే అలా తీశారు. శనివారం అర్ధరాత్రి చచ్చిపోతానని చెప్పే కుర్రాడు, వాణ్ణి ఆపబోయి తన బుర్రే పాడుచేసుకునే సైకియాట్రిస్టు, ఆయన వేసుకున్న పొట్టి ప్యాంటు, చూసిందే మళ్లీ వస్తున్నట్టుండే సీన్లు... మీరు చెప్పినవన్నీ 2005లో వచ్చిన ‘స్టే’లోవే. డైరెక్టరు మార్క్ ఫోర్‌స్టర్, డాక్టరుగా ఇవాన్ మెక్‌గ్రెగర్, కుర్రాడిగా ర్యాన్ గాస్లింగ్. అప్పట్లో ఆడకుండా పోయింది లెండి, అందుకే మీరు ఎవర్నడిగినా తెలీదన్నారు.

కరెంటు పోయి ఆఖరు చూడలేదన్నారు కాబట్టి చెబుతున్నా, మళ్లీ చూసే ఉద్దేశం ఉంటే ఇక్కడే ఆపేయండి. కథంతా బ్రూక్లిన్ బ్రిడ్జి మీద కారు ప్రమాదంలో కొన ఊపిరితో పడివున్న ఆ కుర్రాడి బుర్రలో జరుగుతుంది. డాక్టరు నిజానికి అటు వెళ్తూ ఆగి, వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని కాపాడబోయిన మనిషి. కింద పడున్నవాడి కంటికి అలా కూర్చున్న మనిషి చీలమండలు కనబడతాయి కదా, ప్యాంటు పొట్టిగా పెట్టింది అందుకేనని నా లెక్క. సినిమాలో బెలూను పట్టుకున్న పిల్లాడు ‘ఆయన చచ్చిపోతాడా’ అనడం కూడా చుట్టూ మూగిన జనంలోంచి విన్న మాటే.

పాలకొల్లులో మా తమ్ముడి పెన్‌డ్రైవ్‌లో మొదటిసారి చూసినప్పుడు నాకూ ముక్క అర్థం కాలేదు. రెండోసారి కాళ్లకేసే చూశాను. ఇప్పటికీ రాజోలు బస్సు చించినాడ బ్రిడ్జి ఎక్కగానే పక్క సీటాయన ప్యాంటు అంచు చూస్తుంటాను, ఏం చేస్తాం.

ఈసారి ఇన్వర్టరు ఛార్జింగు చూసుకుని కూర్చోండి.