పెట్రోల్ లీకు మళ్లీ మళ్లీ వస్తోంది, రీకాల్ లేదంటున్నారు. ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ఒంగోలులో ఉంటారు, పెట్రోల్ కారు, ఇంకా మూడేళ్లు నిండలేదు. లీకు రెండుసార్లు బాగుచేయించారు, ఇప్పుడు మూడోసారి మళ్లీ వాసన. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "ఈ మోడల్‌కి రీకాల్ లేదండీ, మీ బండి ఒక్కదానికే ఇలా" అంటున్నారు. అచ్చం ఇదే మాట నేను నెల్లూరులో ఏడాదిన్నర పాటు విన్నాను. (రీకాల్ అంటే ఒకే లోపమున్న బండ్లన్నిటినీ కంపెనీయే వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం.) అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

రేపు ఆ బండిలోనే సర్వీస్ సెంటర్‌కి వెళ్తానని రాశారు. ముందు బండి కింద సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. తడి కనబడితే, లేదా బానెట్ ఎత్తగానే చెమ్మ కనబడితే, స్టార్ట్ చేయొద్దు. వాళ్లనే వచ్చి లాక్కుపొమ్మనండి. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోయి కలిసిపోదు, నేల మీదే పరుచుకుని ఉంటుంది. బండి ఇంటి కింద పార్కింగ్‌లో పెడుతుంటే వీధిలోకి మార్చండి. మేం మార్చినప్పుడు మా అమ్మకు కోపం వచ్చింది, కొత్త బండి ఎండలో ఎండుతోందని. విషయం చెప్పాక తులసికోట దగ్గర పెట్టే దీపం కూడా కొన్నాళ్లు లోపలికి మార్చేసింది.

ఇక నా సంగతి. నాకు మైపాడు వైపు రొయ్యల గుంటలున్నాయి, రోజూ పోయి రావాల్సిందే. కారు 2021 జూన్‌లో కొన్నాను. 2023 జనవరిలో తిరుపతి పోదామని వేదాయపాళెంలో ఫుల్ ట్యాంక్ కొట్టించి బయలుదేరాం. వెంకటాచలం టోల్‌గేటు దగ్గర ఆగామో లేదో, వెనక సీట్లోంచి మా ఆవిడ "ఏందిది, పెట్రోలు కంపు?" అంది. దిగి చూస్తే కింద ఏమీ లేదు. తిరిగొచ్చి సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ఏదో క్లిప్పు బిగించి పంపారు. ఆగస్టులో మళ్లీ వాసన, ఈసారి ఓరింగు (లీకు ఆపే రబ్బరు రింగు) మార్చారు. 2024 మేలో మూడోసారి పోతే ఒక రోజంతా ఉంచుకుని "లోపం కనబడలేదు" అని రాసిచ్చారు. పైగా సర్వీస్ అడ్వైజర్ ఒక సలహా: "సముద్రం పక్కకు తిరుగుతారు కదా సార్, ఉప్పుగాలి." ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, నిజమే. నా బండిలో లీకయ్యేది ప్లాస్టిక్ అని అప్పటికి నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

జూన్‌లో వారంటీ అయిపోయింది. జులైలో మళ్లీ లీకు. ఈసారి ట్యాంకులోంచి ఇంజన్‌కి పెట్రోలు పంపే పంపు సెట్టు మొత్తం మార్చాలి, పద్నాలుగు వేల చిల్లర అవుతుంది అన్నారు.

ఆ రాత్రి కూర్చుని పెట్రోలు కొట్టించిన తేదీలు ఫోన్‌పే హిస్టరీలో తీసి, వాసన వచ్చిన రోజులు పక్కన రాసుకున్నాను. ఫుల్ ట్యాంక్ కొట్టించిన ప్రతిసారీ రెండు రోజులు వాసన, తర్వాత మాయం. నేను ఆదివారం ఫుల్ కొట్టిస్తే సర్వీస్ సెంటర్‌కి పోయేది బుధవారమో గురువారమో. అప్పటికి ట్యాంకు సగం. వాళ్లు సగం ట్యాంకుతో, చదునైన నేల మీద చూసి లోపం లేదంటున్నారు. వాళ్ల తప్పు సగమే అనిపించింది నాకు.

ఇలాంటివి కొత్తేం కాదు. మారుతి కంపెనీ 2010లో దాదాపు లక్ష ఏ-స్టార్ కార్లను ఫ్యూయల్ పంపు గాస్కెట్ (అతుకు దగ్గర లీకు ఆపే పొర) మార్చడానికి వెనక్కి పిలిచింది. 2014లో లక్షకు పైగా స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా కార్లకు పెట్రోలు పోసే గొట్టం మార్చింది. రెండింటిలోనూ ట్యాంకు గొంతు దాకా నింపినప్పుడే గొడవ. నాది ఆ కంపెనీ బండి కాదు. కానీ అది చదివాక నా తేదీల లెక్క పిచ్చి లెక్క కాదని ధైర్యం వచ్చింది.

మన ఎండలు కూడా ఇందులో ఒక చెయ్యి వేస్తాయి. బంకులో పెట్రోలు భూమి లోపలి ట్యాంకులోంచి చల్లగా వస్తుంది. 40 లీటర్ల పెట్రోలు 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరు పైనే ఉబ్బుతుంది. బంకులో తుపాకీ టక్‌మని ఆగాక కూడా కుర్రాడు రౌండ్ ఫిగర్ కోసం ఇంకో నాలుగు నొక్కులు నొక్కుతాడు చూడండి, ఆ ఉబ్బడానికి ఉన్న ఖాళీ కాస్తా దాంతో పోతుంది. టక్ అనగానే చాలనండి. లీకున్న బండికైతే సగం దాటనివ్వకండి.

తర్వాత ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి పోయాను. కథంతా విని, "ఫుల్ కొట్టించుకుని రా అబ్బయ్యా, చూద్దాం" అన్నాడు. పోయాక బండిని షెడ్డు బయట, ముందు వైపు కిందికి వాలేలా ర్యాంపు మీద పెట్టించాడు. బ్యాటరీ వైరు పీకాడు. వెనక సీటు ఎత్తి, దాని కింద రేకు మూత విప్పాడు. పంపు మూత చుట్టూ మూడేళ్ల ఎర్రదుమ్ము గట్టిగా పేరుకుని ఉంది. ఒక్క చోట మాత్రం, గొట్టం తగిలించే ముక్కు మొదట్లో, నెలవంక ఆకారంలో దుమ్ము లేకుండా శుభ్రంగా, కడిగినట్టు ఉంది. "ఇదీ" అని వేలితో చూపించి, దుమ్మంతా తుడిచి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. టీ తాగొచ్చేసరికి ఆ తెల్లటి పౌడరులో వెంట్రుక మందాన ఒక తడి గీత. ప్లాస్టిక్ మూతలోనే పగులు. ఓరింగు మార్చినా, క్లిప్పు మార్చినా ఏం లాభం!

ఇది మీరు ఇంట్లో చేయొద్దు. చేసేవాడు నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాడు, అదీ ఆరుబయట. నేను చేసిందల్లా ఫోన్ దూరంగా పట్టుకుని వీడియో తీయడం, ఆ రోజు పెట్రోలు బిల్లు జాగ్రత్త చేయడం.

ఆయన చేతే మార్పించేయొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. మార్పిస్తే సాక్ష్యం పోతుంది, బయట చేయి పడిందని కంపెనీ తప్పుకుంటుంది. అలాగే మూత బిగించుకుని వచ్చేశాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. రీకాల్ లేదంటే మీకు హక్కు లేదని కాదు. అవి రెండు వేర్వేరు దారులు. మోటారు వాహనాల చట్టంలో 2019లో 110ఏ అనే సెక్షన్ చేర్చారు, రీకాల్ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు బండి అయితే ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో లోపం గురించి ఫిర్యాదు పెట్టవచ్చు. అయితే బాగా అమ్ముడయ్యే మోడల్‌కి ప్రభుత్వం బలవంతంగా రీకాల్ చేయించాలంటే అలాంటి ఫిర్యాదులు వెయ్యికి పైగా రావాలి. మీది పెట్టండి, లెక్కలోకి వస్తుంది. కానీ మిగతా వెయ్యి మంది కోసం లీకయ్యే బండితో కూర్చోకండి. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ ఛాసిస్ నంబరు కొట్టి చూడండి, కస్టమర్ కేర్‌ని "ఈ నంబరుకి సర్వీస్ క్యాంపెయిన్ ఏదైనా ఉందా" అని కూడా మెయిల్‌లో అడగండి. రీకాల్ అనే పేరు పెట్టకుండా భాగాలు మార్చే పద్ధతి కూడా ఉంది.

రెండో దారి వినియోగదారుల చట్టం. దీనికి మీ ఒక్క బండి చాలు. కానీ కాగితం కావాలి. నా మొదటి రెండు జాబ్ కార్డుల్లో (బండి తీసుకునేటప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు రాసే కాగితం) "జనరల్ చెకప్" అని ఉంది, పెట్రోల్ అన్న మాటే లేదు! సంతకం పెట్టింది నేనే, ఎవరిననాలి? జాబ్ కార్డులో కస్టమర్ చెప్పిన సమస్యకు ఒక గడి ఉంటుంది. అందులో "ఫుల్ ట్యాంకులో పెట్రోల్ లీకు, మూడోసారి" అని రాసేదాకా తాళాలు ఇవ్వకండి. సిస్టమ్‌లో ఆ ఆప్షన్ లేదంటే పెన్నుతో రాయించుకోండి. మార్చిన పాత భాగాన్ని ఫోటో తీసుకోండి. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ వల్ల లీకు అంటే, సరే, అదే ముక్క రాసి సంతకం పెట్టివ్వమనండి. నాకైతే ఎవరూ రాసివ్వలేదు.

తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. పది రోజులకు ఫోన్లు మొదలయ్యాయి కానీ పని కాలేదు. అప్పుడు లాయరు చేత డీలరుకీ కంపెనీకీ కలిపి నోటీసు స్పీడ్ పోస్టులో పంపాను. మొదటి ఫిర్యాదు వారంటీలో ఉండగానే వచ్చింది, అదే లోపం ఇప్పటికీ తీరలేదు, కాబట్టి వారంటీ అయిపోయిందన్న మాట చెల్లదు, ఇదీ సారాంశం. వీడియో కూడా మెయిల్ చేశాను. మూడు వారాలకు కంపెనీ మనిషి వచ్చి, ఫుల్ ట్యాంకుతో ర్యాంపు మీద తనే చూసి, పంపు సెట్టు ఉచితంగా మార్చడానికి ఒప్పుకున్నాడు. లేబర్ పద్దెనిమిది వందలు మాత్రం నా చేత కట్టించారు. దానికోసం పోట్లాడే ఓపిక లేక కట్టేశాను, ఇప్పటికీ మా ఆవిడ దెప్పుతుంది. మార్చాక ఫుల్ ట్యాంక్ కొట్టించి రెండుసార్లు తిరుపతి పోయొచ్చాం, వాసన లేదు.

మీది అక్కడితో తెగకపోతే ఒంగోలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. లాయరు తప్పనిసరి కాదు. బండికి మీరు కట్టింది 5 నుంచి 10 లక్షల మధ్య అయితే ఫీజు 200 రూపాయలే. గడువు రెండేళ్లు, కాబట్టి వాయిదాలు వేయకండి. లోపం తేల్చడానికి ల్యాబ్ పరీక్షకు పంపమని కూడా కమిషన్‌ని అడగొచ్చు. కొత్త బండి ఇప్పిస్తారన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. ఉచితంగా బాగుచేయించడం, ఖర్చులు, కొంత పరిహారం, అంతవరకు అడిగితే గట్టిగా నిలబడుతుంది.

మీరు రాయని విషయం ఒకటుంది. వాసన ఫుల్ కొట్టించిన రోజుల్లోనే వస్తోందా, సగం ట్యాంకులో కూడా వస్తోందా? పొద్దున్నే స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి వస్తుంటే అది నా కేసు కాదు, ఇంజెక్టర్ల (ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే భాగాలు) దగ్గరి రింగులో, పైపు జాయింటో చూడాలి, అది ఇంకా ప్రమాదం. ఏదో ఒకటి రాయండి, నాకు తెలిసింది చెబుతాను.